రాజధానికి ఒక సిమెంటు, మా సందుకి ఒక సిమెంటా?

సంపాదకుల వారికి,

రాజధాని అమరావతి పనులకు సిమెంటు లోటు రానివ్వబోమని సమీక్షలో అధికారులు చెప్పినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వేశారు. పక్కనే బల్కర్లు, అంటే బస్తాల్లేకుండా సిమెంటు మోసే ట్యాంకరు లారీలు, బారులు తీరిన ఫొటో. సంతోషం. అయినా మనకు సిమెంటు లోటు ఎప్పుడొచ్చింది కనుక? ఇటు జగ్గయ్యపేట, అటు పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల. సున్నపురాయి మీద కూర్చున్న ప్రాంతం మనది. సిమెంటులో కలిపే బూడిదకైనా దూరం పోనక్కర్లేదు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఉండనే ఉంది. డబ్బు లేక ఆగిన పనులు చూశాం, బుద్ధి లేక ఆగినవీ చూశాం. సిమెంటు దొరక్క ఆగిన పని ఈ మధ్య నేనైతే చూడలేదు. లోటల్లా వచ్చిన సిమెంటును చూసేవాడికే. ఆ సంగతి మీ వార్తలో ఒక్క ముక్క లేదు.

నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి కాస్త తెలిసే రాస్తున్నాను. పెద్ద పనికి ఫ్యాక్టరీ నుంచి బల్కరు నేరుగా కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటుకు వస్తుంది. గొట్టం తగిలించి గాలి ఒత్తిడితో సైలోలోకి, అంటే సిమెంటు నిలవచేసే పెద్ద గాదెలోకి, ఎక్కిస్తారు. చెయ్యి పడదు, వాన చుక్క పడదు. వెంట టెస్టు సర్టిఫికెట్టు ఉంటుంది. పోసిన కాంక్రీటు లోంచే క్యూబులు, అంటే పరీక్ష కోసం అచ్చుల్లో పోసిన చదరపు దిమ్మలు, తీసి నీళ్ళ తొట్టిలో ఉంచి, 7వ రోజున కొన్ని, 28వ రోజున కొన్ని మిషన్‌లో పెట్టి పగలగొట్టి చూస్తారు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన సచివాలయం టవర్ల రాఫ్టు పునాదుల విషయంలోనైతే ఐఐటీ వాళ్ళనే పిలిపించారు. పిలిపించాలి కూడా, తప్పేం లేదు.

మరి మా విద్యాధరపురం సందులో సైడు కాలువకు? బస్తాలు తెచ్చి గోడవార వట్టి నేల మీదే దొంతర పేర్చారు. కింద చెక్క లేదు, పైన కప్పిన పట్టా సగం చిరిగిపోయింది. బస్తా మీద అది ఏ సంవత్సరం ఎన్నో వారంలో నింపారో అచ్చు వేసి ఉంటుంది. వంగి చూశాను. చలికాలంలో నింపిన సరుకు, వాడేది రోహిణి కార్తెలో! మూడు నెలలు దాటిన బస్తాను పరీక్ష చేయించకుండా వాడకూడదని మేం ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే నేర్పేవారు. బస్తా మూలన వేలితో నొక్కితే గోళీల్లాంటి గడ్డలు తగిలాయి. మేస్త్రీ వాటిని పార తిరగేసి కొట్టి, పొడి చేసి, మిల్లర్‌లో వేయించేశాడు. "ఇదేంటయ్యా" అంటే, "ఏం కాదు బాబాయ్, రెండు చిప్పలు ఎక్కువేశాంగా" అన్నాడు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఫోన్ చేస్తే కాంట్రాక్టరును అడగమన్నారు. కాంట్రాక్టరేమో కొట్టువాణ్ణి అడగమన్నాడు. కొట్టువాడు నన్నే ఎగాదిగా చూశాడు, నాకేదో పనిలేక వచ్చానన్నట్టు. క్యూబులా? ఆ ఊసే లేదు. బూడిద కలిపిన పీపీసీ రకం సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్ళు కట్టాలి. ఒక్క గోనెపట్టా కప్పిన పాపాన పోలేదు. మర్నాడు సాయంత్రానికే దాని మీద బళ్ళు నిలబెట్టారు. అంచు ఇప్పుడు గోటితో గీరితే ఇసుక రాలుతోంది. బిల్లు మాత్రం ఇసుకలా రాలదు లెండి, గట్టిగానే పాసవుతుంది.

పోనీ పెద్ద పనుల వల్ల ఊరికి వచ్చే భాగ్యమైనా చూద్దామంటే, అది గొల్లపూడి రోడ్డు మీద కనిపిస్తుంది. రెడీమిక్స్ లారీలు పోతూ పోతూ ఒలకబోసిన కాంక్రీటు అక్కడే గడ్డకట్టి బుడిపెలు తేలింది. రాత్రిపూట రెండు చక్రాల బండి మీద వెళ్ళేవాడి నడుము ఏమవుతుందో సమీక్షల్లో కూర్చునేవారికి తెలియదు, వాళ్ళవి పెద్ద కార్లు. డ్రమ్ము కడిగిన నీళ్ళు పక్క కాలువలోకి వదిలేస్తారు. బుడమేరు మునక చూసిన ఊరికి కూడా కాలువ పూడితే ఏమవుతుందో ఇంకొకరు చెప్పాలా?

2025 సెప్టెంబరులో సిమెంటు మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. ఆ తేడా మా వీధి కొట్టుదాకా రాకుండా దారిలో ఎక్కడ ఇరుక్కుందో అడిగితే అదొక రామాయణం. దాన్ని ఇంకో ఉత్తరంలో రాస్తాను.

సిమెంటు బస్తా అన్నది లేని రోజుల్లో, 1855 నాటికి, సున్నం గచ్చుతో కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. అది 1952 దాకా నిలబడింది. అప్పటి పనివాళ్ళ దగ్గర ఐఎస్ఐ మార్కూ లేదు, ఆన్‌లైన్ టెండరూ లేదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. పని జాగాకు వచ్చి వంగి బస్తా మీది తేదీ చదివే ఉద్యోగి మాత్రం లేడు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే తనిఖీ అయిపోయినట్టే. ఆ ఫొటోలో కూడా బస్తా ముందువైపు కంపెనీ బొమ్మే పడుతుంది, తేదీ పడదు.

మా సందులో మిగతా సగం కాలువ పని వచ్చే నెల మొదలుపెడతారట. సంబంధిత శాఖవారు పని దగ్గర బోర్డు పెట్టి అంచనా మొత్తంతో పాటు సిమెంటు ఏ రకమో, ఏ వారం సరుకో, క్యూబులు ఎవరు తీస్తారో, 28వ రోజు ఫలితం ఎక్కడ చూడవచ్చో రాయాలి. ఇప్పటికే పోసిన సగానికి కోర్, అంటే గట్టిపడ్డ కాంక్రీటులోంచి కోసిన ముక్క, తీయించి పరీక్ష చేయించాకే బిల్లు చెల్లించాలి. మీ విలేకరిని కూడా ఒకసారి ఇటు పంపండి. బల్కర్ల ఫొటో అంత బాగా రాకపోవచ్చు.

– ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
విద్యాధరపురం, విజయవాడ