మూడో వరస ఎందుకు ఆలస్యమైందంటే

"దసరాకి మూడో వరస రెడీ" అని మన వాట్సాప్ గ్రూపులో రాసింది నేనే. దసరా అయిపోయింది, దీపావళి కూడా అయిపోయింది. గంటల లెక్కన మీకిచ్చే మన సింథ్ రూమ్‌లో మాడ్యులర్ సింథసైజర్‌కి ఇప్పటికీ రెండే వరసలు. మీలో కొందరు అడ్వాన్స్ కూడా ఇచ్చారు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్తాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క ముక్క. మన దగ్గరున్నది యూరోర్యాక్ పద్ధతి మాడ్యులర్ సింథసైజర్, అంటే మాడ్యూళ్లనే విడి భాగాలను వరసగా బిగించి శబ్దం తయారుచేసే ఎలక్ట్రానిక్ వాద్యం. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డోప్ఫర్ కంపెనీ మొదలుపెట్టిన కొలతలివి. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పు హెచ్‌పీల్లో లెక్కేస్తారు, ఒక హెచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్లు. ఈ కొలతతో ఎవరు చేసిన మాడ్యూలైనా పక్కపక్కన బిగించి, ప్యాచ్ కేబుళ్లతో కలుపుకోవచ్చు. మనకు 84 హెచ్‌పీల వరసలు రెండున్నాయి, రెండూ నిండిపోయాయి.

నా అసలు ప్లాన్ ఏంటంటే, కొత్త ఆసిలేటర్లు (స్వరం పుట్టించే మాడ్యూళ్లు) రెండు, శబ్దాన్ని చిన్న ముక్కలు చేసి మళ్లీ పేర్చే గ్రాన్యులర్ మాడ్యూల్ ఒకటి. కొత్త ఆసిలేటర్లు ఎందుకంటే శ్రుతి గొడవ. కర్ణాటక సంగీతం పాడే ఒకావిడ మన దగ్గరికి వారం వారం వస్తారు. "అన్నా, తంబూరా యాప్ పెట్టుకుని వినండి, పైకి వెళ్లే కొద్దీ తగ్గుతోంది" అని వేసవిలోనే చెప్పారు. "అనలాగ్ కదమ్మా, వేడికి జారుతుంది" అన్నాను. తర్వాత మరో ఇద్దరు అదే మాట అన్నారు. వాళ్లకూ అదే సమాధానం. ఏసీ రెండు డిగ్రీలు తగ్గించాను కూడా. కరెంటు బిల్లు పెరిగింది గానీ శ్రుతి కుదరలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. స్వరాలను వరసగా పలికించే మన సీక్వెన్సర్, ఒక్కో స్వరాన్ని వోల్టేజీగా ఆసిలేటర్‌కి పంపిస్తుంది. ఒక వోల్టు పెరిగితే ఒక ఆక్టేవ్ పైకి, అంటే ఒక సెమిటోన్‌కి (ఆక్టేవ్‌లో పన్నెండో వంతుకి) దాదాపు 83 మిల్లీవోల్టులు. సీక్వెన్సర్‌లో 3 వోల్టులు పెట్టాను. ఒక ఆసిలేటర్ గుచ్చితే మీటర్‌లో 2.97 వచ్చింది. చీలిక కేబుల్‌తో రెండో ఆసిలేటర్ కూడా గుచ్చితే 2.94. తేడా 30 మిల్లీవోల్టులు, సెమిటోన్‌లో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. చెవి ఉన్నవాళ్లకు అది ముల్లులా గుచ్చుకుంటుంది.

కారణం చాలా చిన్నది. మన సీక్వెన్సర్ అవుట్‌పుట్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంది, ఒక్కో ఆసిలేటర్ ఇన్‌పుట్ 100 కిలో ఓమ్‌లు. ఒకే సిగ్నల్‌ని ఉత్త వైరుతో ఇద్దరికి పంచితే వోల్టేజీ ఆ మేరకు తగ్గుతుంది. రెండు ఆసిలేటర్లూ కలిసే జారతాయి కాబట్టి ఒకదానితో ఒకటి బాగానే పలుకుతాయి, తంబూరాతో మాత్రం కుదరవు. దీనికి మందు బఫర్డ్ మల్టిపుల్ అనే చిన్న మాడ్యూల్. వచ్చిన వోల్టేజీని తగ్గనివ్వకుండా దానికి కొన్ని కాపీలు ఇస్తుంది. నేను కొనబోయిన ఆసిలేటర్ల ధరలో ఐదో వంతు కూడా ఉండదు. పాత ఆసిలేటర్లు శుభ్రంగా ఉన్నాయి. వేసవిలో ఫిర్యాదు చేసిన ముగ్గురికీ క్షమాపణలు. మీ చెవులది కాదు తప్పు, వేడిది అంతకన్నా కాదు.

దాంతో మిగతా లిస్టు మీద కూడా అనుమానం వచ్చింది. ఆ తర్వాత ఆరు వారాలు, మీరు ప్యాచ్ చేస్తూ, అంటే మాడ్యూళ్లను కేబుళ్లతో కలుపుతూ, ఎక్కడ ఆగిపోతున్నారో పుస్తకంలో రాసుకున్నాను. మీకు చెప్పకుండా రాశాను, ఏమీ అనుకోకండి. సగానికి పైగా సార్లు "ఇంకో వీసీఏ ఉందా?" అనో, "మిక్సర్ ఖాళీ లేదా?" అనో ఆగారు. శబ్దం పుట్టించే మాడ్యూళ్లు మన దగ్గర సరిపడా ఉన్నాయి. ఆ శబ్దాన్ని పెంచి తగ్గించే వీసీఏలు, కలిపే మిక్సర్లే చాలడం లేదు. కూరలు పదిరకాలు వండి గరిటె ఒక్కటే పెట్టినట్టుంది మన సెటప్.

ఇక కరెంటు సంగతి. ఇది పూర్తిగా నా తెలివితక్కువతనం. మన పవర్ సప్లై ప్లస్ 12 వోల్టుల లైన్ మీద 1200 మిల్లీయాంప్‌లు ఇస్తుంది. ఉన్న మాడ్యూళ్లే 930 తాగుతున్నాయి. నేను కొందామనుకున్న మూడూ కలిపి ఇంకో 350. హెచ్‌పీలు కూడాను, రూపాయలు కూడాను, మిల్లీయాంప్‌లు మాత్రం కూడడం మర్చిపోయాను. పైగా స్విచ్ వేసిన క్షణంలో కొన్ని మాడ్యూళ్లు మామూలు కన్నా ఎక్కువ లాగుతాయి, అందుకే పావు వంతైనా మిగులు ఉంచుకోవాలి. కాబట్టి మూడో వరసకు విడిగా పవర్ సప్లై, ఆ కరెంటుని మాడ్యూళ్లకు పంచే బస్ బోర్డ్ కూడా విడిగా వస్తున్నాయి.

ఏప్రిల్‌లో "ఫిల్టర్ సర్వీసుకి వెళ్లింది" అని బోర్డు పెట్టాను కదా, అది కూడా ఇప్పుడే ఒప్పుకుంటాను. మాడ్యూల్‌కి కరెంటు తెచ్చే రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత మైనస్ 12 వైపు ఉండాలి. బుకింగ్‌కి టైమవుతోందన్న టెన్షన్‌లో తిప్పి గుచ్చాను. చిన్న టప్ శబ్దం, కాలిన వాసన, అంతే. రిపేరు ఖర్చు నాదే, మీ మీద వేయలేదు.

మాడ్యూళ్లు బిగించే కేస్ ఆలస్యానికి మాత్రం సగం తప్పే నాది. ఒక వరసకు కేస్ లోపల ఎత్తు 133.35 మిల్లీమీటర్లు కావాలి, అంటే సరిగ్గా ఐదుంపావు అంగుళాలు. వడ్రంగికి ఫోన్‌లో చెప్పాను. ఆయనకు "ఐదు" ఒక్కటే వినబడినట్టుంది. టేకుతో అద్భుతంగా చేసుకొచ్చాడు, పాలిష్ కూడా కొట్టాడు. ప్యానెల్ పెట్టి చూస్తే మిల్లీమీటరున్నర తేడాతో లోపలికి దిగదు. ఈసారి కాగితం మీద గీసి, చేతికో పాత ప్యానెల్ ఇచ్చి పంపాను.

చివరికి మూడో వరసలో వచ్చేవి: నాలుగు వీసీఏలున్న మాడ్యూల్ ఒకటి, మిక్సర్లు రెండు, బఫర్డ్ మల్టిపుల్, ఇంకా మేక్ నాయిస్ కంపెనీ వాళ్ల మ్యాథ్స్ అనే మాడ్యూల్. మ్యాథ్స్ 20 హెచ్‌పీ తినేస్తుంది, అయినా తీసుకుంటున్నాను. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టులా దూకకుండా జారాలంటే అది కావాలి. గమకం మొత్తం వస్తుందని చెప్పను, జారు వరకు బాగా వస్తుంది. మిగిలిన చోటు కొన్నాళ్లు ఖాళీగానే ఉంచి మూత బిగిస్తాను. గ్రాన్యులర్ ఈ ఏడాది లేదు.

కొనే ముందు ఈ వరస మొత్తాన్ని వీసీవీ ర్యాక్‌లో పెట్టి వారం రోజులు వాయించి చూశాను. కంప్యూటర్‌లో నడిచే మాడ్యులర్ అది, ఉచిత వెర్షన్ ఉంది. మీరూ ఇంట్లో ప్యాచ్ తయారుచేసుకుని వస్తే ఇక్కడ గంట కలిసొస్తుంది.

గ్రాన్యులర్ కోసం అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు ఈ శనివారంలోగా మొత్తం యూపీఐలో వెనక్కి వేస్తాను. గంటలుగా మార్చుకుంటామంటే, ప్రతి నాలుగు గంటలకు ఒక గంట అదనం. గంటకు 400 రేటు జనవరి నెలాఖరు దాకా మారదు, ఫిబ్రవరి నుంచి 450. విదేశం నుంచి వచ్చే మాడ్యూల్‌కి కస్టమ్స్ బిల్లు చేతికొచ్చేదాకా అసలు ధర తెలియదు, ఆ దెబ్బ కొంత మీ మీద కూడా పడుతోంది.

డిసెంబరు చివరి వారం సోమ, మంగళ, బుధ రూమ్ మూసి ఉంటుంది. కేస్ బిగించాలి. ఈసారి ప్రతి రిబ్బన్ కేబుల్‌నీ మా తమ్ముడు చూశాకే స్విచ్ వేస్తాను.