వేయి ముఖాల లాన్ చానీ

సభ్యులందరికీ నమస్కారం. మూకీ నటుల వరుసలో ఈసారి అమెరికన్ నటుడు లాన్ చానీ (1883–1930) గురించి రాస్తున్నాను. కొలరాడో స్ప్రింగ్స్‌లో బధిర దంపతులకు పుట్టిన ఆయనకు, మాటతో పని లేకుండా ముఖంతోనూ చేతులతోనూ భావం పలికించడం ఇంట్లోనే అబ్బింది. ఊరూరా తిరిగే నాటక బృందాల్లో ఏళ్ల తరబడి పనిచేసి, 1910లలో హాలీవుడ్ చేరారు. 1925 నాటి ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ కోసం ముక్కుపుటాలను పైకి లాగి, కళ్ల చుట్టూ నల్లరంగు పులిమి, పుర్రెను తలపించే ముఖాన్ని స్వయంగా తీర్చుకున్నారు. నా దృష్టిలో నేటి గ్రాఫిక్స్ దాని ముందు దిగదుడుపే. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాకు మేకప్‌పై వ్యాసం రాసిందీ ఆయనే. టాకీ ఒక్కటే చేశారు. అందులో పలు గొంతులతో మాట్లాడి మెప్పించి, అది విడుదలైన కొద్ది వారాలకే క్యాన్సర్‌తో కన్నుమూశారు.