వంకర పోయింది వడ్రంగి వల్ల కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం. మొన్న ఆదివారం అనుబంధంలో లిటిల్ మోర్టన్ హాల్ ఫొటో వేసి కింద ‘లెక్క తెలీకుండా కట్టిన వంకర ఇల్లు’ అని రాశారు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది, ఎందుకంటే ఇంగ్లండ్‌లో కాంగిల్టన్ దగ్గరున్న ఆ ఇంటిని నేను దగ్గర్నుంచి చూసొచ్చాను.

ఆ ఇంట్లో ఎముకల గూడంతా ఓక్ కలపే. ఎండిన ఓక్ ఉలికి లొంగదు కాబట్టి పచ్చిగా ఉండగానే చెక్కి, ఒకదాని కొస ఇంకోదాని బెజ్జంలో దూర్చి అడ్డంగా చెక్కమేకు కొట్టేవాళ్ళు, ఇక ఆరేకొద్దీ కలప మెలితిరిగి అతుకు ఇంకా బిగుసుకుపోతుంది. మధ్య ఖాళీల్లో తడికలు పెట్టి మట్టి మెత్తడమే. ఇది లెక్క తెలీనివాళ్ళు చేసే పనేనా చెప్పండి?

అసలు గొడవంతా పై అంతస్తులో ఉన్న లాంగ్ గ్యాలరీతో వచ్చింది. దక్షిణం వైపు కట్టడం మీద అది తర్వాత పుట్టిన ఆలోచన అంటారు, దాదాపు 21 మీటర్ల పొడవు, వాన పడుతుంటే దొరలు ఇంట్లోనే నడవడానికి, ఆడుకోడానికి (చెక్క పలకల వెనకాల పాతకాలం టెన్నిస్ బంతులు కూడా దొరికాయి లెండి). పోనీ కప్పయినా తేలిగ్గా వేశారా అంటే బండల్లాంటి ఇసుకరాయి పలకలు పరిచారు, ఆ బరువుకి కింద దూలాలు వంగాయి, నేల ఎగుడుదిగుడయింది, లోపల నడుస్తుంటే పడవలో ఉన్నట్టే ఉంటుంది. తర్వాతెప్పుడో స్టీల్ రాడ్లు వేసి బిగించారు. అంటే వంకర పోయింది యజమాని సరదా వల్ల, పాపం వడ్రంగి ఏం చేస్తాడు?

ఇంకోటి, ఫొటోలో ఆ ఇంటికి కనిపించే నలుపు తెలుపు రంగు, ఇల్లు కట్టిన ట్యూడర్ రాజుల కాలం నాటిది కాదు, విక్టోరియా కాలం ఫ్యాషన్. మొదట్లో ఓక్ దాని రంగులోనే ఉండేది.

మీ వ్యాసంలో ఇంటి యజమానులైన మోర్టన్ల పేర్లే ఉన్నాయి. కానీ లోపలి వాకిట్లో కిటికీల మీద 1559 నాటి అక్షరాలున్నాయి, చేయించిన విలియం మోర్టన్ పేరు పక్కనే ‘దేవుడి దయతో ఈ కిటికీలు చేసింది వడ్రంగి రిచర్డ్ డేల్’ అని, అందులో వడ్రంగి అన్న మాటకే స్పెల్లింగ్ తప్పు! మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూస్తూ ఉండిపోయాను. వచ్చే వారం సవరణ వేస్తే ఆ పేరు కూడా వెయ్యండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు