మా చేలో ఇసుక మేటకు లెక్కెప్పుడు కడతారు? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా నుంచి, ప్రాణహిత ఒడ్డున రెండెకరాలు సాగు చేసుకునే ఒక రైతు నమస్కరించి రాస్తున్న ఉత్తరం ఇది. మరాఠీలో మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. అందుకే ఈసారి మా ఇంట్లో మాట్లాడుకునే భాషలో, పది మందీ చదివేలా రాస్తున్నాను.

2022 జూలై వరద సంగతి మీకు తెలుసు. నీళ్లు దిగాక చేనుకు వెళితే గట్లు కనబడలేదు. పార వేస్తే అడుగు లోతు ఇసుక మేట దాటాక గానీ రేగడి తగల్లేదు. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లు ఎగదన్నాయా, వాన అంతా ఒకేసారి కుమ్మరించడం వల్లనా అని మా ఊళ్లో ఇప్పటికీ వాదులాడుకుంటారు. అది తేల్చేవాణ్ణి నేను కాదు. ఇసుక మాత్రం ఇంకా అక్కడే ఉంది సార్.

పంచనామాకు వచ్చినాయన రోడ్డు మీదే నిలబడి 'పంట నష్టం' అని రాసుకున్నాడు. మేట సంగతి కూడా రాయండని బతిమాలాను, రాయలేదు. పంట పోతే ఒక ఏడాది పోతుంది. నేలే పోతే ఎన్నేళ్లు?

రాసినా ఒరిగేది ఎంత? మేట 3 అంగుళాలు దాటితే హెక్టారుకు 18,000 రూపాయలని 2022-26 విపత్తు సాయం నిబంధనల్లో పెట్టారు. అంటే ఎకరానికి దాదాపు 7,300. ఎకరంలో అడుగు మందం ఇసుకంటే 43,560 ఘనపుటడుగులు. ట్రాలీకి వంద చొప్పున పట్టినా 435 ట్రిప్పులు. ట్రిప్పుకు 17 రూపాయలు కూడా పడదు, డీజిల్‌కే చాలదు. మేట 3 అంగుళాలైనా 3 అడుగులైనా అదే రేటు! పైగా సొంత చేలో ఇసుకైనా సరే, పర్మిషన్ లేకుండా బయటికి తీస్తే ట్రాక్టర్ పట్టుకుంటారని టెన్షన్.

నీళ్లు పొదుపుగా వాడమని సభల్లో చెబుతారు. మా చేలో నీళ్లు పొదుపు చేసిందే ఆ నల్లరేగడి. అది ఉన్నప్పుడు మిర్చికి పది పన్నెండు రోజులకు ఒక తడి ఇస్తే చాలేది. ఇప్పుడు నాలుగో రోజుకే ఆకులు వేలాడేస్తున్నాయి. మీరు చెప్పినట్టే డ్రిప్ వేశాను. ఇసుకలో నీటి చుక్క పక్కకు పాకదు, నిలువునా దిగిపోతుంది. మొక్క మొదట్లో తడి, జానెడు అవతల పొడి. 2023 ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు రేగడి చేలల్లో పత్తి ఎలాగో నిలబడింది, నా చేలో నిలువునా ఎండింది. ఇంటికి రెండు వైపులా నది ఉంది, మొక్క వేరుకు మాత్రం తడి అందదు.

ఎండాకాలంలోనే మేట మందం కొలిపించండి. మందాన్ని బట్టి ఖర్చు ఇవ్వండి. మా ఇసుక మేం తీసుకోవడానికి కాగితం ఇప్పించండి. ఉపాధి హామీ కింద తీయిస్తారో, మిషన్లు పంపిస్తారో మీ ఇష్టం. మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్కసారి ఎవరినైనా చేలోకి దిగి చూడమనండి. రోడ్డు మీద నుంచి కాదు, చేలోకి దిగి. మిర్చి నారు పోసే వేళకైనా నా రేగడి నాకు కనబడాలి.

ఇట్లు,
ప్రాణహిత ఒడ్డు రైతు,
సిరోంచ తాలూకా