అరికాలి మీద వేలు

కాకినాడ,
ఆదివారం

అమ్మడూ,

ఆ రోజు ఫోనులో కోపంగా మాట్లాడాను. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఎలుకలు ఊపిరి ఎలా తీస్తాయో చూడటానికి పోతావా అన్నాను. నువ్వు ఎదురు చెప్పకుండా, ఊపిరి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త జాక్ ఫెల్డ్‌మన్ ఉపన్యాసం ఒకటి పంపి ఊరుకున్నావు. వరసగా మూడు రాత్రుల డ్యూటీ ముగిశాక నిన్న చూశాను. సగం అర్థం కాలేదు.

నెలలు నిండని పిల్లల వార్డులో నా పని నీకు తెలుసు. ఏడో నెలలో పుట్టిన బిడ్డ హాయిగా నిద్రపోతూ, ఉన్నట్టుండి ఊపిరి తీయడం మానేస్తుంది. ఏడవదు, గింజుకోదు, మరిచిపోయినట్టు ఉండిపోతుంది. 20 సెకన్లయితే మానిటర్ మోగుతుంది. అరికాలి మీద వేలితో మీటితే ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటుంది. మళ్లీ మళ్లీ ఆగుతుంటే డాక్టరుగారు కెఫీన్ రాస్తారు, మన కాఫీలో ఉండేదే. 'మెదడు ఇంకా పచ్చిదమ్మా, గుర్తు చేస్తుండాలి' అని తల్లులకు చెబుతాను. మెదడులో ఎక్కడ అని వాళ్లు అడగలేదు, ఇన్నేళ్లలో నాకూ తోచలేదు.

ఆ 'ఎక్కడ' కోసమే ఫెల్డ్‌మన్ గారు వృత్తి జీవితమంతా గడిపారట. ఆయన డాక్టరేటు కూడా ఫిజిక్స్‌లోనే అని నువ్వు ముందే చెప్పి ఉంటే నా నోరు అప్పుడే మూతపడేది! 1991లో ఆయన, జెఫ్రీ స్మిత్, మరికొందరు కలిసి అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెదడు అడుగుభాగం నుంచి పలుచటి ముక్క కోసి గిన్నెలో ఉంచారు. ఊపిరితిత్తులు లేవు, ఛాతీ లేదు. నాలుకకు పోయే నరంలో మాత్రం ఊపిరి తాళం మోగుతూనే ఉంది. అక్కడి నుంచే తాళం పుడుతోందన్నారు. ఆ చోటుకు ప్రీబోట్‌జింగర్ అని పేరు. దాని పక్కనున్న బోట్‌జింగర్ అనే చోటుకు ఆ పేరు విందు బల్ల మీది జర్మన్ వైన్ సీసా చూసి పెట్టారట. అమ్మమ్మకు ఈ సంగతి చెప్పకు.

నాకు బాగా నచ్చింది వేరే. ఊపిరి తాళాన్ని సొంతంగా పుట్టించే ప్రత్యేక కణాలు కొన్ని ఉంటాయని మొదట అనుకున్నారు. తరువాత ఆ ఊహను తమ ప్రయోగాలతోనే ప్రశ్నించుకుని, ఆ తాళం కణాలన్నీ కలిసి పుట్టించేదేమో అన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు. నీకు పని మిగిలే ఉంది.

నిట్టూర్పు మాటా విన్నాను. మనకు తెలియకుండానే ఐదు నిమిషాలకో మారు పెద్ద ఊపిరి తీస్తామట, ఊపిరితిత్తుల్లో ముడుచుకున్న చిన్న చిన్న గాలితిత్తులు తెరుచుకోవడానికి. 2016లో ఎలుకల్లో దాన్ని నడిపే కణాలు రెండు వందల దాకా ఉన్నాయని తేల్చారు. నిట్టూరిస్తే ఇంటికి అరిష్టమని అమ్మమ్మ నన్ను ఎన్నిసార్లు తిట్టిందో!

ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. నేను పసికందుల దగ్గర, నువ్వు ఎలుక పసికందుల దగ్గర. చిన్నప్పుడు బొద్దింకను కూడా చంపనిచ్చేదానివి కావు. ఆ కత్తి పట్టుకున్న మొదటి రోజు నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే. నేను మెలకువగానే ఉంటాను.

నాన్న నీ ఫిజిక్స్ పుస్తకాలు అటకెక్కించబోతే వద్దన్నాను. పార్సిలు కట్టాం, చిరునామా పంపు.

అమ్మ