మా పాప కళ్ళ ఆపరేషన్‌కి అండగా నిలిచిన అందరికీ

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మా పాపకి రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. కంట్లో ప్రెషర్ అదుపులోకి వచ్చిందని మొన్న చెకప్‌లో చెప్పారు. ఫోన్లు చేసినవాళ్ళు, డబ్బు పంపినవాళ్ళు చాలామంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మొదటి దండం మా వీధి ఆశా వర్కర్ అక్కకి. పాప పుట్టినప్పటి నుంచి చూసినవాళ్ళంతా "ఎంతలేసి కళ్ళో!" అని మురిసిపోయేవాళ్ళు. మా అమ్మ రోజూ దిష్టి తీసేది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే రాతి దుమ్ము పడిందన్నారు. గ్రానైట్ క్వారీలున్న మా చీమకుర్తిలో ఏ జబ్బుకైనా ముందు వినపడే మాట అదే! ఒక క్లినిక్‌లో కన్నీటి నాళం మూసుకుందని, ముక్కు పక్కన మసాజ్ చేస్తే ఏడాదికల్లా తెరుచుకుంటుందని పంపేశారు. పాప బరువు చూడ్డానికి వచ్చిన ఆశా అక్క మాత్రం తనని వాకిట్లోకి ఎత్తుకెళ్ళి చూసింది. ఎండ వెలుతురు పడగానే పాప కళ్ళు బిగించుకుని ఆమె భుజంలో మొహం దాచేసుకుంది. "వట్టి నీళ్ళే అయితే నేనూ ఊరుకుందును. వెలుతురు చూడలేకపోతోంది, నల్లగుడ్డు మీద పొగ కమ్మినట్టుంది. రేపే ఒంగోలు తీసుకెళ్ళండి" అంది. ఆ రాత్రే మళ్ళీ ఫోన్ చేసి వెళ్తున్నారా లేదా అని గట్టిగా అడిగింది కూడా.

ఒంగోలులో కళ్ళ డాక్టర్ గారు నల్లగుడ్డు వెడల్పు కొలిచారు. పదమూడు మిల్లీమీటర్లు. ఏడాదిలోపు పిల్లలకి పన్నెండు దాటితేనే అనుమానించాలట. పుట్టుకతో వచ్చే నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. అప్పటికప్పుడు ఉత్తరం రాసిచ్చి, హైదరాబాద్‌కి తనే ఫోన్ చేసి చెప్పారు. ఫీజు తీసుకోలేదు.

పసిబిడ్డకి కత్తి ఎందుకు, చుక్కల మందు సరిపోదా అని చాలామంది అడిగారు. మాకు చెప్పింది చెబుతాను. కంట్లో ఎప్పుడూ ఒక ద్రవం ఊరుతూ, నల్లగుడ్డు అంచు దగ్గరున్న సన్నని దారిలో బయటికి పోతుంటుంది. ఈ పిల్లల్లో ఆ దారి కడుపులోనే సరిగా ఏర్పడదు. ద్రవం నిలిచి ప్రెషర్ పెరుగుతుంది. పసివాళ్ళ కన్ను మెత్తన కాబట్టి బెలూన్‌లా సాగుతుంది. అందరూ మెచ్చుకున్న పెద్ద కళ్ళు అవే. లోపల కంటి నరం మాత్రం నలిగిపోతుంటుంది, పోయిన నరం తిరిగి రాదు. చుక్కలు ఆపరేషన్ దాకా నెట్టుకురావడానికే. మా పాపకి ట్రాబెక్యులోటమీ, ట్రాబెక్యులెక్టమీ రెండూ కలిపి చేశారు. మొదటిది పాత దారిని తెరవడం, రెండోది పక్కన కొత్త దారి వేయడం. రెండు కళ్ళూ ఒకే మత్తులో పూర్తి చేశారు.

మత్తు కాబట్టి నాలుగు గంటల ముందు నుంచి తల్లిపాలు బంద్. పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే మా ఆవిడ తట్టుకోలేకపోయింది. పక్క బెడ్ కర్నూలు అమ్మ, తన బిడ్డకి అదే ఆపరేషన్ అయిందామె, పాపని తీసుకుని వరండా అంతా తిప్పింది. మత్తు డాక్టరమ్మ బయటికొచ్చి "ఏడుపు వినపడుతోందా? బాగుంది మీ పాప" అన్నప్పుడు నా కాళ్ళు నిలబడలేదు.

మా పాలిషింగ్ యూనిట్ వాళ్ళు ఆ వారం కూలిలోంచి తలా ఇంత తీశారు. ఓనర్ గారు అడ్వాన్స్ ఇచ్చి, ఎప్పుడు తీరుస్తావని ఇప్పటిదాకా అడగలేదు. ఖర్చుపోను మిగిలింది తిరిగి ఇవ్వబోతే వద్దన్నారు. అది పాప చెకప్‌లకే ఉంచాం, లెక్క పుస్తకం మా ఇంట్లో ఉంది, ఎవరైనా చూడొచ్చు. పాపకి మళ్ళీ మళ్ళీ మత్తిచ్చి ప్రెషర్ చూడాలి, కళ్ళజోడు పెట్టాలి, ఒక కంటికి ప్యాచ్ కట్టాల్సి రావచ్చు. పెద్దయ్యాక కూడా చూపిస్తూనే ఉండాలి.

ఒక మాట దాచను. నేను చేసుకున్నది మా అక్క కూతుర్నే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు కలిస్తే ఈ జబ్బు రావచ్చని, మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువని డాక్టర్ గారు చెప్పారు. మన ఆంధ్రలో సుమారు 3,300 మంది పిల్లల్లో ఒకరికి ఉందట. మా అక్క (అత్త కూడా ఆవిడే) తన వల్లే అని కుమిలిపోతుంటే, ఆయన ఓపిగ్గా కూర్చోబెట్టి ఇందులో ఎవరి తప్పూ లేదని, ఇంకో బిడ్డ పుడితే వెంటనే కళ్ళు చూపించమని చెప్పారు. ఆపరేషన్‌కి ఎంత రుణపడ్డానో ఆ పది నిమిషాలకీ అంతే.

ఇక సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో మా ఎదురు బెర్త్‌లో వచ్చిన నెల్లూరు పెద్దాయన. లైటుకి పాప విలవిల్లాడుతుంటే కింది బెర్త్ మాకిచ్చి, తన దుప్పటి తెరలా కట్టి, తెల్లార్లూ పైన చలికి ముడుచుకుని పడుకున్నారు. సికింద్రాబాద్‌లో హడావుడిగా దిగిపోయాం, పేరు కూడా అడగలేదు. ఆయన ఎవరో తెలిసినవాళ్ళుంటే చెప్పండి. ఆకుపచ్చ గళ్ళ దుప్పటి, ఉతికి పెట్టాం, మా దగ్గరే ఉంది.