నాలుక పటాన్ని సవరించండి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ పిల్లల పేజీలో వేసిన నాలుక బొమ్మలో కొసకు తీపిని, వెనుక భాగానికి చేదును, పక్కలకు ఉప్పు పులుపులను కేటాయించి చూపారు. ఈ బొమ్మ ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది కనుక తప్పు మీ ఒక్కరిదే అనలేను. అయితే పిల్లలు నమ్మి చదివే పేజీ కాబట్టి, దాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను.

1901లో జర్మనీలో డేవిడ్ హేనిగ్ నాలుక అంచుల వెంట ఏ రుచి ఎంత తక్కువ మోతాదులో తెలుస్తుందో కొలిచి, చోటును బట్టి కొద్దిపాటి తేడా ఉందని మాత్రమే తేల్చారు. 1942లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ బోరింగ్ ఆ ఫలితాలను తన గ్రంథంలో గీసి చూపిన తీరు వల్ల ఆ కొద్దిపాటి తేడాలే హద్దులన్న భావన పాతుకుపోయింది.

నిజానికి నాలుక మీద రుచి మొగ్గలున్న ప్రతి చోటా తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల వంటి వాటిలో తెలిసే కమ్మని రుచి) అన్నీ తెలుస్తాయి. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 దాకా కణాలుంటాయి, పని విభజన జరిగేది వాటి మధ్యనే. టీ1ఆర్2, టీ1ఆర్3 అనే ప్రొటీన్లు జతకూడిన కణం తీపిని పట్టుకుంటుంది. అదే టీ1ఆర్3 టీ1ఆర్1తో జతకడితే, 1908లో జపాన్‌లో కికునే ఇకెడా గుర్తించిన ఉమామిని, అంటే గ్లుటమేట్ రుచిని పట్టుకుంటుంది. చేదుకు మనిషిలో దాదాపు 25 రకాల గ్రాహకాలు, అంటే రుచి అణువులను పట్టుకునే ప్రొటీన్లు, ఉన్నాయి. ఒకే చేదు కణం వాటిలో పలు రకాలను మోస్తుంది కనుక, విషం కాగల పదార్థాలు ఎన్ని రూపాల్లో వచ్చినా అది ఒకే హెచ్చరికను పంపగలుగుతుంది.

తీపి, ఉమామి, చేదు అనే ఈ మూడు రుచుల కణాల్లోనూ సంకేతం నడిచే దారి ఒకటే. అణువు గ్రాహకానికి అతుక్కోగానే గస్ట్‌డ్యూసిన్ వంటి జీ ప్రొటీన్ (గ్రాహకం నుంచి సంకేతాన్ని కణం లోపలికి అందించే ప్రొటీన్) చైతన్యవంతమవుతుంది, కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం విడుదలవుతుంది, దానితో టీఆర్‌పీఎం5 అనే ద్వారం తెరుచుకుని సోడియం లోపలికి వచ్చి కణం విద్యుదావేశం మారుతుంది, చివరకు సంకేతాన్ని మోసే ఏటీపీ అణువులు బయటికి వెళ్లి నాడీ తంతువును తాకుతాయి. పులుపు కణాలు వేరు. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు ఓటీఓపీ1 అనే మార్గం గుండా నేరుగా వాటిలోకి ప్రవేశిస్తాయి. ఉప్పుకూ ప్రధానంగా సోడియం అయాన్లు లోపలికి రావడమే ఆధారం.

కణానిదే నిర్ణయమని చూపిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. శాస్త్రవేత్తలు చార్లెస్ జుకర్, నికొలాస్ రైబాల బృందాలు చిట్టెలుకలకు ఏ రుచీ తెలియని ఒక రసాయనాన్ని తీసుకుని, దాని గ్రాహకాన్ని జన్యుమార్పిడితో వాటి తీపి కణాల్లో అమర్చాయి. ఆ ఎలుకలు ఆ ద్రావణాన్ని ఇష్టంగా తాగాయి. అదే గ్రాహకాన్ని చేదు కణాల్లో అమర్చినప్పుడు దాన్ని దూరం పెట్టాయి. పిల్లి విషయమూ ఇలాంటిదే. దానికి తీపి తెలియకపోవడానికి కారణం టీ1ఆర్2 జన్యువు చెడిపోవడమేనని 2005లో తేలింది.

మన ప్రాంతంలో దొరికే పొడపత్రి ఆకు సంగతి కూడా ఆ పేజీలో చేర్చితే బాగుంటుంది. దాన్ని నమిలాక చక్కెర నోట్లో వేసుకుంటే కొంతసేపు ఇసుకలా ఉంటుందే తప్ప తీపి తెలియదు, ఉప్పు పులుపులు మాత్రం తెలుస్తూనే ఉంటాయి. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపి గ్రాహకాన్ని అడ్డుకోవడమే దీనికి కారణం. ఆకును సరిగా గుర్తుపట్టగల పెద్దల సమక్షంలోనే పిల్లలు ఈ ప్రయోగం చేయాలని మాత్రం తప్పక రాయండి.

మనం షడ్రుచుల్లో లెక్కించే కారం ఈ మొగ్గల పని కాదు. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని, నొప్పిని తెలిపే నాడుల మీది టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని తాకుతుంది, అందుకే అది కంట్లో పడినా మండుతుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

సవరణతో పాటు బొమ్మ వేయదలిస్తే, నాలుకను ముక్కలుగా విభజించకుండా ఒకే రుచి మొగ్గను పెద్దది చేసి, అందులో పక్కపక్కనే ఉన్న తీపి, చేదు, పులుపు కణాలను, వాటి అడుగున నాడీ తంతువులను చూపించగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ